లై, లే, లేడ్: పడుకోవడం రాయబోయి పడిపోయేవాళ్ల కోసం

ఇంగ్లిష్‌లో లై (lie, పడుకో), లే (lay, పడుకోబెట్టు) దగ్గర సమస్య ఎప్పుడూ ఇదే. "ఐ యామ్ లేయింగ్ ఆన్ ద బెడ్" అని రాస్తారు, మార్కు పోతుంది. "నిన్న జ్వరమొచ్చి పడుకున్నా" అనడానికి "ఐ లేడ్ డౌన్" అంటారు, అదీ తప్పే. ఇంకొకరు తెలివిగా "ఐ లైడ్" అంటారు, అప్పుడు నిన్న అబద్ధమాడానని ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఫారాలు బట్టీ పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి బాబూ, "దేన్ని?" అని. జవాబు ఉంటే లే-లేడ్-లేడ్, లేకపోతే లై-లే-లెయిన్, ఇంగ్ చేరిస్తే లైయింగ్. తెలుగులో అనుకుంటే ఇంకా ఈజీ, "పెట్టు" వచ్చిందంటే దాదాపు లే నే: పిల్లాణ్ణి పడుకోబెట్టు, ఫోన్ టేబుల్ మీద పెట్టు, ఆఖరికి కోడి గుడ్డు పెట్టినా అదే. పునాదిరాయి కూడా ఈ లెక్కలోకే, 1955లో నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశాడంటే లేడ్. ఫైల్ ఊరికే టేబుల్ మీద పడుంటే మాత్రం లైయింగ్.

ఇంతవరకు చాలామందికి వస్తుంది. నన్ను ముంచింది వేరే. ట్యూషన్లో ఒకమ్మాయి "ద బుక్ లే ఆన్ ద ఫ్లోర్ ఆల్ నైట్" అని రాస్తే, దేన్ని అన్నదానికి జవాబు లేదు కదా, మరి లే ఎలా వస్తుందని ఎర్ర పెన్నుతో కొట్టేసి "లైస్" అని దిద్దా. "రాత్రంతా అంటే పాస్ట్ కదా సార్" అంది. నిజమే, తనే కరెక్టు. పడుకో అనే లై కి పాస్ట్ లే, పడుకోబెట్టు అనే లే కి ప్రెజెంటూ లే, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా ఉండదు. (పైగా మన తెలుగులో లే అంటే నిద్ర లేవమని!) అందుకే దేన్ని తర్వాత "ఎప్పుడు?" అని కూడా అడగాలి. దేన్ని కి జవాబు లేదు, జరిగిపోయిన పని, అంటే కళ్లు మూసుకుని లే. నోటికి డి చేర్చాలనిపిస్తుంది, చేర్చకండి. ఇంకో గుర్తు: హి, షి, ఇట్ తర్వాత ఎస్ లేకుండా ఒట్టి లే కనిపించి, ముందు విల్, డిడ్ లాంటివేవీ లేకపోతే అది పడుకున్న లే. పడుకోబెట్టేదైతే లేస్ అనో లేడ్ అనో ఉంటుంది.

అమెరికా వాళ్లు మాటల్లో "లై డౌన్" అనాల్సిన చోట కూడా "లే డౌన్" అని వాడేస్తుంటారు, వాళ్లని విని పరీక్షలో రాయకండి. లెయిన్ గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ పక్కన పెడితే చాలు. లేడ్ స్పెల్లింగ్ ఎల్-ఎ-ఐ-డి, మధ్యలో వై పెట్టారంటే ఇంత చదివీ మార్కు పోయినట్టే.