మన పార్టీల వంశవృక్షం మనమే గీసుకోవడం ఎలా

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర చాయ్ తాగుతుంటే గ్రూప్స్‌కి చదివే పిల్లలు నన్ను పట్టుకుని అడిగేది దాదాపు ఒకటే, "అన్నా, పార్టీల చరిత్ర ఎంత చదివినా నిలవట్లేదు, ఏది ఎప్పుడు పుట్టింది ఏది ఎప్పుడు చీలింది అంతా కలిసిపోతుంది" అని. వాళ్ళ నోట్స్ తీసి చూస్తే అర్థమైపోతది ఎందుకు నిలవట్లేదో. 1885 కాంగ్రెస్, 1925 సీపీఐ, 1951 జనసంఘ్, 1959 స్వతంత్ర, 1982 టీడీపీ, 2001 టీఆర్ఎస్, ఇట్లా కిరాణా చిట్టీలాగా ఒకదాని కింద ఒకటి రాసుకుంటారు. పార్టీలు అట్లా విడివిడిగా పుట్టలేదు, ఒకదాని కడుపులోంచి ఒకటి వచ్చినయ్, కాబట్టి చెట్టులాగా గీస్తేనే బుర్రకెక్కుతది. పరీక్ష కోసమే అని కూడా కాదు, ఓటు వేసే ప్రతి మనిషీ ఒక్కసారైనా ఈ చెట్టు గీసి చూడాలని నాకు గట్టిగా ఉంది.

కావాల్సింది ఒక పెద్ద తెల్ల చార్ట్, పెన్సిల్, రబ్బరు, ఫోన్, ఒక నాలుగైదు ఆదివారాలు. పెన్ను వద్దు, కనీసం పది సార్లు చెరిపి మళ్ళీ గీస్తారు. చార్ట్ పైన ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు వేసుకోండి, ఒక్కో పార్టీకి ఒక డబ్బా గీయండి, పేరు కింద మూడు ఖాళీ లైన్లు వదలండి. పార్టీ కాకముందు అదేంటి, ఎందుకు విడిపోయింది, గుర్తు ఎవరికి పోయింది. ఈ మూడూ నిండితేనే ఆ డబ్బా పూర్తయినట్టు.

మొదటి ప్రశ్న దగ్గర తొందరపడొద్దు, అసలు సరుకంతా అక్కడే ఉంది. బయటివాళ్ళ పాలన పోయి కొత్తగా దేశాలైన చోట పెద్ద పార్టీలు చాలా వరకు ఎన్నికల కోసం పుట్టినవి కావు, ఉద్యమాలు పార్టీలయినయ్. మన హైదరాబాద్ సంగతే చూడండి, ఇక్కడ బ్రిటిష్ వాళ్ళ నేరుగా పాలన లేదు, నిజాం రాజ్యం, రాజకీయ సభ పెట్టాలంటే పర్మిషన్ దొరికేది కాదు, అందుకే రాజకీయం గ్రంథాలయం రూపంలో, భాషా సంఘం రూపంలో లోపలికొచ్చింది. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో పెట్టారు. 1921లో వివేక వర్ధినిలో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు, ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం వచ్చింది, అదే 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది, 1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షత కింద కమ్యూనిస్టుల చేతికొచ్చింది, మితవాదులు పక్కకి జరిగారు. ఇంకోవైపు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ని 1938లో పూర్తిగా ఏర్పడకముందే నిజాం సర్కారు నిషేధించింది. మజ్లిస్, అంటే ఇప్పటి ఎంఐఎం, 1927లో మొదలైంది, పోలీస్ యాక్షన్ తర్వాత ఆగిపోయి 1958లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ చేతుల మీదుగా మళ్ళీ లేచింది.

మా నాయనమ్మది నల్లగొండ వైపు ఊరు. నేను ఈ చార్ట్ మొదటిసారి గీసినప్పుడు "ఆంధ్ర మహాసభ" అని రాసి చదివి వినిపిస్తే ఆమెకి అస్సలు తెలియలేదు. కాసేపు ఆలోచించి "సంఘమా? సంఘం అను మరి, సంఘపోళ్ళు రాత్రిపూట వచ్చేటోళ్ళు బిడ్డా, మా అమ్మ జొన్న రొట్టెలు కట్టిచ్చేది" అంది. ఊళ్ళల్లో ఆ పేరే నడిచింది, మహాసభ అని ఎవరూ అనలేదు. అప్పట్నుంచి నేను ప్రతి డబ్బాలో పేరు కింద బ్రాకెట్‌లో ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళో కూడా రాస్తా, మీరూ రాయండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే అడగండి.

రెండో లైన్, ఎందుకు విడిపోయింది. చాలామంది "నాయకత్వ విభేదాలు" అని రాసి వదిలేస్తారు, అది ఏ చీలికకైనా సరిపోతది కాబట్టి అట్లా రాస్తే ఏమీ రాయనట్టే. ముందు కాంగ్రెస్‌ని మధ్యలో పెద్ద మొద్దులాగా గీయండి, అందులో జమీందారు కొడుకూ ఉన్నాడు, రైతు నాయకుడూ ఉన్నాడు, సోషలిస్టూ ఉన్నాడు, అందర్నీ కట్టి ఉంచింది ఒక్క స్వరాజ్యం కోరిక. ఆ కోరిక తీరగానే కొమ్మలు మొదలైనయ్. సోషలిస్టులు 1948లో బయటికొచ్చారు, 1951లో ప్రకాశం పంతులు గారు కృపలానీ వాళ్ళ కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ వైపు పోయారు, ఎన్.జి. రంగా గారు రైతుల పేరు మీద కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, ఆయనే 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు, అది సహకార వ్యవసాయం మీద నెహ్రూతో గొడవ. చూశారా, ప్రతి కొమ్మకీ ఒక నిజమైన ప్రశ్న ఉంది, భూమి ఎవరిది, పెట్టుబడి ఎవరిది, రాష్ట్రం ఎవరిది. మీ చార్ట్‌లో ఆ ప్రశ్న రాయండి.

కమ్యూనిస్టు పార్టీకి పుట్టిన సంవత్సరమే రెండు, సీపీఐ 1925 కాన్పూర్ అంటది, సీపీఎం 1920 తాష్కెంట్ అంటది, రెండూ రాసుకోండి. 1964 చీలికకి మన తెనాలిలో జూలైలో జరిగిన సభ పెద్ద మెట్టు, ఆ ఏడాది చివర్లో కలకత్తా మహాసభతో సీపీఎం ఖాయమైంది. రష్యా చైనా గొడవ ఒక్కటే కారణం అని రాయకండి, కాంగ్రెస్‌తో ఎట్లా మెలగాలి అన్నది కూడా అంతే పెద్ద కారణం. 1967 నక్సల్బరీ రైతు తిరుగుబాటు, 1969లో సీపీఐ (ఎంఎల్) పార్టీ, అక్కడ్నుంచి కొమ్మలు ఇంకా సన్నగా పోతయ్, మొదటి చార్ట్‌లో అంత దూరం వెళ్ళకపోయినా పర్లేదు.

తెలంగాణ గీతకి వేరే రంగు పెన్సిల్ తీసుకోండి. 1956 పెద్దమనుషుల ఒప్పందం, ఆంధ్రతో కలిసేటప్పుడు తెలంగాణకి ఇచ్చిన హామీలు, అది అమలు కాలేదన్న కోపంతో 1969 ఉద్యమం, తెలంగాణ ప్రజా సమితి, 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో ఉన్న 14 సీట్లలో 10 గెలిచింది. గెలిచిన పార్టీ అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది, బ్రహ్మానందరెడ్డి గారు దిగి పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. నాకు ఈ చోటు ఎప్పుడు గీసినా మనసు బరువెక్కుతది, గన్‌పార్క్‌లో 1969 అమరుల స్తూపం దగ్గర నిలబడి ఆలోచిస్తే మీకూ అట్లాగే ఉంటది. 2001 ఏప్రిల్ 27న ట్యాంక్‌బండ్ పక్కన జలదృశ్యంలో టీఆర్ఎస్ పెట్టినప్పుడు జనం అడిగిన మొదటి ప్రశ్న ఇది కూడా కలిసిపోతుందా అనే, ఆ అనుమానం 1971 నుంచి వచ్చింది. ఈ రెండు డబ్బాలని చుక్కల గీతతో కలపండి, పార్టీ వేరు, మనుషులు చాలావరకు వేరు, డిమాండ్ ఒకటే.

మూడో లైన్ గుర్తు. దీన్ని చిన్నచూపు చూడొద్దు, మొదటి సాధారణ ఎన్నికల్లో చదువు రాని ఓటర్లే ఎక్కువ, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద బొమ్మ వేశారు, జనానికి పార్టీ అంటే ఆ బొమ్మే. కాంగ్రెస్‌ది కాడెద్దులు, 1969లో పార్టీ రెండు ముక్కలయినప్పుడు ఆ గుర్తు కోసం సుప్రీంకోర్టు దాకా పోయారు, సాదిక్ అలీ కేసు అంటారు, చట్టసభల్లోనూ పార్టీ సంస్థలోనూ మెజారిటీ ఎవరి వైపుందో చూడాలి అన్న కొలత అందులోంచే వచ్చింది, ఇప్పటికీ ఏ పార్టీ చీలినా పేరు, గుర్తు ఎవరివి అంటే ముందుగా ఆ కొలతే చూస్తారు. ఇందిరా గాంధీ వర్గం ఆవు-దూడతో నడిచింది, 1978లో మళ్ళీ చీలాక చెయ్యి వచ్చింది. అప్పుడు మన రాష్ట్రంలో 294లో 175 సీట్లు ఇందిరా కాంగ్రెస్‌కే, కొత్త గుర్తయినా సరే.

ఇక 1982. ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు, చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి, అందరూ ఢిల్లీ చీటీతోనే. బేగంపేట ఎయిర్‌పోర్టులో రాజీవ్ గాంధీ చేతిలో అంజయ్య గారికి జరిగిన అవమానం జనానికి గుచ్చుకుంది. మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ ప్రకటించారు, 1983 జనవరి 9న ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేశారు. ఈ డబ్బాకి "ముందు ఏంటి" లైన్‌లో ఏం రాయాలని అందరూ అడుగుతారు, ముందు పార్టీ లేదు కదా అని. కాంగ్రెస్ మీద విసుగు రాయండి, ఢిల్లీలో పోయిన తెలుగువాడి పరువు రాయండి, అవకాశం దొరకని వెనుకబడిన కులాల యువకులు రాయండి. 1984 లోక్‌సభలో 30 సీట్లతో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ టీడీపీయే, ఒక రాష్ట్ర పార్టీ అట్లా కూర్చోవడం అప్పటిదాకా లేదు. అదే ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద రెండే సీట్లు, అందులో ఒకటి హన్మకొండ, చందుపట్ల జంగారెడ్డి గారు పీవీ మీద గెలిచారు.

1985 దగ్గర చార్ట్ మీద నిలువుగా ఒక గీత గీయండి, ఫిరాయింపుల చట్టం వచ్చిన ఏడాది అది. ఆ గీతకి అటు ఇటు చీలికల ఆకారమే మారిపోతది. మొదట్లో మూడో వంతు సభ్యులు విడిపోతే చీలికగా చెల్లేది, 2003 సవరణతో అది తీసేశారు, ఇప్పుడు మూడింట రెండు వంతుల మందితో విలీనం అంటేనే సీటు నిలుస్తది. అందుకే ఈ మధ్య పేపర్లో చీలిక అన్న మాట తగ్గి విలీనం అన్న మాట పెరిగింది. 2019లో తెలంగాణ అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 18 మంది ఉంటే 12 మంది టీఆర్ఎస్‌లో విలీనం అన్నారు, లెక్క వేసుకోండి, సరిగ్గా మూడింట రెండు. ఓటేసినవాళ్ళని ఎవరూ అడగలేదు, నాకు ఇది న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు లెక్కలు. ఎలక్షన్ కమిషన్ సైట్‌లో మొదటి ఎన్నికల నుంచి రిపోర్టులు ఫ్రీగా ఉన్నయ్, గైడ్ పుస్తకాల మీద ఆధారపడొద్దు, అవే తెరవండి. ప్రతి ఎన్నికకీ సీట్ల శాతం, ఓట్ల శాతం పక్కపక్కన రాయండి. 1952 లోక్‌సభలో కాంగ్రెస్‌కి ఓట్లు దాదాపు 45 శాతమే, సీట్లు 489లో 364. ఇది చూశాకే దేశమంతా కాంగ్రెస్ అన్న మాట ఎంతవరకు నిజమో తెలుస్తది. మిగతా దేశాల్లో ఆ మొదటి పార్టీ ఏం చేసిందో కూడా ఓ మూల రాయండి, ఘనాలో ఎన్‌క్రుమా 1964లో ఒకే పార్టీ అని చట్టం చేశాడు, పాకిస్తాన్‌లో ప్రత్యక్ష సాధారణ ఎన్నిక 1970 దాకా జరగనే లేదు. మన దగ్గర ఓడిపోయినవాళ్ళకి మళ్ళీ నిలబడే దారి తెరిచే ఉంది, అందుకే మన చెట్టుకి ఇన్ని కొమ్మలు.

రిపోర్టులు చూసేటప్పుడు కొన్ని చోట్ల కాలు జారతది. 1952కి ఆంధ్రప్రదేశ్ అని వెతకొద్దు, హైదరాబాద్ అని వెతకాలి, 175 సీట్లలో కాంగ్రెస్ 93, పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) 42. అందులో సీపీఐ కనబడలేదని కమ్యూనిస్టులు పోటీ చేయలేదనుకుంటారు, పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. 1955 ఎన్నిక ఆంధ్ర రాష్ట్రానిది, 1957లో అసెంబ్లీకి ఎన్నిక తెలంగాణ ప్రాంతంలోనే జరిగింది, రెండు ప్రాంతాలూ కలిసి అసెంబ్లీకి ఓటేసింది 1962లో. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరు సభ్యులు, నల్లగొండ లోక్‌సభలో రెండు పేర్లు కనబడితే తప్పు అచ్చయిందని కొట్టేయకండి. ఇక హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్ నియోజకవర్గాలు 2004 దాకా ఉన్నయ్, 2009 నుంచి లేవు, హద్దులు మారినయ్, కాబట్టి మీ కాలనీ అప్పట్లో దేని కిందికొచ్చేదో ముందు పక్కనున్న పెద్దవాళ్ళని అడిగి తెలుసుకోండి.

చివరి ఆదివారం చార్ట్ మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరండి, పొద్దున్నే అయితే ట్రాఫిక్ ఉండదు. కోఠి వైపు వివేక వర్ధిని, సుల్తాన్ బజార్‌లో భాషా నిలయం, అక్కడ్నుంచి నాంపల్లిలో కాంగ్రెస్ వాళ్ళ గాంధీభవన్, దగ్గర్లోనే మజ్లిస్ వాళ్ళ దారుస్సలాం, తర్వాత గన్‌పార్క్, ఎల్బీ స్టేడియం, హిమాయత్‌నగర్‌లో సీపీఐ వాళ్ళ మఖ్దూమ్ భవన్, టైముంటే బంజారాహిల్స్‌లో ఎన్టీఆర్ భవన్, తెలంగాణ భవన్. ప్రతి చోటా రెండు నిమిషాలు ఆగి ఆ డబ్బా మీద టిక్కు పెట్టండి. తెలంగాణ భవన్ దగ్గర టీఆర్ఎస్ డబ్బా నుంచి బీఆర్ఎస్‌కి గీత గీయండి, 2022 అక్టోబర్‌లో తీర్మానం, డిసెంబర్‌లో ఎలక్షన్ కమిషన్ ఒప్పుకుంది, గుర్తు మాత్రం కారే. ఆ డబ్బాకి కుడివైపు నాలుగు వేళ్ళ ఖాళీ వదిలెయ్యండి, వచ్చే ఎన్నికల తర్వాత అక్కడ ఇంకేదో రాయాల్సొస్తది.