'జేమ్స్' నవల మొదలెట్టే ముందు ఒక మాట

పర్సివల్ ఎవరెట్ 'జేమ్స్' చదువుదామనుకునేవాళ్ళు, అదేనండీ 2025లో పులిట్జర్ బహుమతి వచ్చిన నవల, డైరెక్ట్‌గా దూకేయకండి, ముందు మార్క్ ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్' కనీసం సగమైనా చదవండి, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి గూటెన్‌బర్గ్ సైట్లో ఫ్రీగానే దొరుకుతుంది. ఆ కథనే అందులోని బానిస జిమ్ నోటితో ఎవరెట్ చెప్పిస్తాడు. బానిసలు తెల్లవాళ్ళ ముందు కావాలనే వచ్చీరాని ఇంగ్లీష్, తమలో తాము ఉన్నప్పుడేమో శుభ్రమైన ఇంగ్లీష్, ఆ నాటకం పాత పుస్తకం తెలిస్తేనే బాగా ఎక్కుతుంది. ట్వైన్ రాసిన జిమ్ యాస మొదట్లో కొరుకుడు పడదు, పైకి చదవండి, చెవికి పట్టేస్తుంది. అంత ఓపిక లేదా, ఎవరెట్‌దే 'ఎరేజర్' (Erasure) నవల పట్టుకోండి, 2001లో వచ్చింది, 'అమెరికన్ ఫిక్షన్' సినిమా దాన్నుంచే తీశారు, నాకైతే పుస్తకమే నచ్చింది.