ఎన్‌క్లెక్స్ పరీక్షలో సమయం చాలకపోతే ఏం చేయాలి

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే ఉత్తీర్ణత సాధించవలసిన ఎన్‌క్లెక్స్ పరీక్షకు 5 గంటల గడువు ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న విధానంలో కనీసం 85, అత్యధికంగా 150 ప్రశ్నలు వస్తాయి. అభ్యర్థి ఇచ్చే ప్రతి జవాబునూ బట్టి కంప్యూటర్ ఆమె సామర్థ్యాన్ని మళ్లీ అంచనా వేసుకుంటూ, ఉత్తీర్ణత గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నిశ్చయంగా తేలిన వెంటనే పరీక్షను ఆపేస్తుంది. అది తేలకముందే గడువు ముగిస్తే ఏమవుతుందన్నదే చాలామందిని వేధించే ప్రశ్న.

దీనికి నియమం స్పష్టంగానే ఉంది. 85 ప్రశ్నలు పూర్తికాకుండా గడువు ముగిస్తే, అప్పటిదాకా ఎంత బాగా రాసినా తప్పినట్టే. 85 దాటిన తరువాత ముగిస్తే మాత్రం, అంతవరకు ఇచ్చిన జవాబుల ఆధారంగా వచ్చిన చివరి అంచనా గీతకు పైన ఉంటే ఉత్తీర్ణులే. చివరి 60 ప్రశ్నల గురించి పాత పుస్తకాల్లో కనిపించే నియమం ఇప్పుడు లేదు కాబట్టి దానిని పట్టించుకోనక్కర్లేదు.

ఈ తేడా తెలిస్తే చివరి అరగంటలో చేయవలసిన పని మారిపోతుంది. 85 దాటినవారు 150కి చేరాలన్న తొందరలో చదవకుండానే జవాబులు నొక్కుకుంటూ పోతే, ఆ తప్పులన్నీ కలిసి అప్పటిదాకా నిలబెట్టుకున్న అంచనాను కిందికి లాగేస్తాయి. అలా 150కి చేరడం కంటే 120వ ప్రశ్న దగ్గర నిదానంగా చదువుతూ గడువు ముగియడమే మేలు. ఇంకా 85కు చేరనివారికి మాత్రం వేరే దారి లేదు: ఏదో ఒక జవాబు ఎంచుకుంటూ ఆ సంఖ్యను అందుకోవాలి.

మన దగ్గర బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం పరీక్షలు రాసి వచ్చినవారికి ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి చూసుకుని, తెలిసినవి ముందు రాసి, తెలియనివి చివరకు అట్టిపెట్టుకోవడం అలవాటు. ఎన్‌క్లెక్స్‌ను హైదరాబాద్ కేంద్రంలో రాసినా, డాలస్‌లో రాసినా ఆ పద్ధతి చెల్లదు, ఎందుకంటే జవాబు ఇవ్వనిదే తరువాతి ప్రశ్న రాదు, ఒకసారి ముందుకు వెళ్లాక వెనక్కి తిరిగే వీలూ లేదు. అందువల్ల తెలియనిదానికి ఏదో ఒక జవాబు ఇచ్చి వదిలేయడం నేర్చుకోవడమే ఇక్కడ అసలు సాధన. పైగా వచ్చిన ప్రశ్నల్లో 15 కేవలం పరిశీలన కోసం పెట్టినవి, వాటికి మార్కులు లెక్కించరు. ఏవి అలాంటివో తెలియదు కనుక, ఎన్నడూ వినని మందు పేరు కనిపించిందని దాని మీద ఐదు నిమిషాలు పోయడంలో అర్థం లేదు.

సమయం ఎక్కువగా తినేది చదివిందే మళ్లీ చదవడం. నలుగురు రోగుల్లో ముందుగా ఎవరిని చూడాలని అడిగారనుకుందాం: మోకాలి శస్త్రచికిత్స జరిగి నొప్పి మాత్ర అడుగుతున్న వ్యక్తి, 38.2 డిగ్రీల జ్వరంతో ఉన్న న్యుమోనియా రోగి, రక్తంలో చక్కెర 180 ఉన్న మధుమేహ రోగి, డిగాక్సిన్ వాడుతూ పొటాషియం 2.9కి పడిపోయి వాంతి వచ్చేట్టుందంటున్న గుండె జబ్బు రోగి. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషప్రభావం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉందని తెలిసినవారికి జవాబు నాలుగో రోగి అని వెంటనే తడుతుంది. అయినా అనుమానంతో మిగిలిన ముగ్గురికీ లేని ఇబ్బందులు ఊహిస్తూ కూర్చుంటే రెండు నిమిషాలు ఇట్టే కరిగిపోతాయి. ప్రశ్నలో లేని లక్షణాన్ని మీరు చేర్చకండి. ముందు చివరి వాక్యం చదివి, ఏం అడిగారో తెలుసుకుని, తరువాత వివరాలకు వెళ్తే ఒక్కసారి చదవడంతోనే సరిపోతుంది.

వర్తించేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో సరైన ఎంపికకు మార్కు కలుస్తుంది, తప్పుడు ఎంపికకు మార్కు తగ్గుతుంది, కానీ ఆ ప్రశ్నకు వచ్చే మొత్తం సున్నా కంటే కిందికి పోదు. నిశ్చయంగా తెలిసినవి గుర్తించి ముందుకు కదలండి.

లెక్క చూస్తే 150 ప్రశ్నలకు ఒక్కోదానికి 2 నిమిషాలు వస్తాయి. ఒక్కొక్క దానిలో ఒకే రోగి గురించి 6 ప్రశ్నలుండే కేస్ స్టడీలలో మొదటి ప్రశ్న దగ్గర రోగి నివేదిక మొత్తం చదవవలసి వస్తుంది కాబట్టి, విడి ప్రశ్నలను నిమిషంన్నరలోపు ముగించుకుంటే ఆ లోటు భర్తీ అవుతుంది. విరామ సమయం కూడా 5 గంటల్లోంచే పోతుంది. 2 గంటల తరువాత, మళ్లీ మూడున్నర గంటల తరువాత విరామం తీసుకుంటారా అని తెర మీద అడుగుతుంది. మొదటిసారి అడిగేసరికి 60 ప్రశ్నలు దాటి ఉంటే ఐదు నిమిషాలు లేచి, నీళ్లు తాగి రావచ్చు. 50 కూడా కాకపోతే వేగం పెంచవలసిన సమయం అదే, మూడున్నర గంటల దాకా ఆగకూడదు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు ప్రతి ప్రశ్నకూ వెంటనే వివరణ చూసుకునే పద్ధతి చదువుకు మంచిదే గాని వేగానికి పనికిరాదు. చివరి నెలలో వారానికి ఒకసారైనా ఫోన్ పక్కన పెట్టి, గడియారం ముందుంచుకుని, ఒకే విడతలో 85 ప్రశ్నలు వరసగా చేసి, ఎక్కడ రెండు నిమిషాలు దాటిందో గుర్తు పెట్టుకోండి. చాలామందికి అవి తెలియని ప్రశ్నలు కావు, రెండు జవాబుల మధ్య ఊగిసలాడిన ప్రశ్నలు.