వ్యాయామం చేయిస్తున్నా పెద్దవాళ్ళ కాళ్ళకి సత్తువ రావడం లేదా? ముందు చేతులు చూడండి

సమస్య: 75, 80 ఏళ్ళ మనిషి. మూడు నెలలుగా రోజూ కుర్చీలో కూర్చుని లేస్తున్నారు, కాళ్ళు ఊపుతున్నారు. పాలలో ప్రొటీన్ పొడి కూడా కలిపి ఇస్తున్నారు. అయినా గోడ పట్టుకోకుండా బాత్రూంలో లేవలేరు, ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కలేరు. "వయసైపోయింది, ఇంకేం సత్తువ వస్తుంది" అని ఇంట్లో తేల్చేస్తారు.

వయసు మీదికి నెట్టకండి. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ళ వయసున్నవాళ్ళ చేత 8 వారాలు బరువులతో తొడ కండరాలకి పని చెప్పించారు. సత్తువ సగటున 174 శాతం పెరిగింది. ఊరికే కాళ్ళు ఊపించలేదు. వాళ్ళు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా తీసుకెళ్ళారు. 1994లో 100 మందితో మళ్ళీ చూస్తే, వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే తాగినవాళ్ళ బలహీనత తగ్గలేదు. కాబట్టి మరో పొడి డబ్బా కొనడం కాసేపు ఆపండి.

చాలామంది దాటేసే పరీక్ష: చేతులు లేని కుర్చీ, 43 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుది, గోడకి ఆనించి వెయ్యండి. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి గచ్చు మీద జారుతుంది, గోడ ఆసరా తప్పనిసరి. "మామ్మా, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చో" అని చెప్పి, పక్కనే నిలబడి గడియారం చూడండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ళ పనితీరు తగ్గినట్టేనని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన కొలత. చాలా ఇళ్ళల్లో అసలు ఒక్కసారి కూడా లేవలేరు. రోజూ పదేసిసార్లు లేస్తున్న మనిషే!

కారణం: ఆ పదిసార్లూ లేపింది చేతులు. లెక్కపెట్టేవాళ్ళు అంకెలు చూస్తారు గానీ అరచేతులు ఎక్కడున్నాయో చూడరు. ఒకరు కుర్చీ చేతుల మీద నొక్కుతారు, ఒకరు తొడల మీద. తెలివైనవాళ్ళు వెనక్కి ఊగి, ఆ ఊపుతో లేస్తారు. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడతారు. ఎముకలు గుల్లబారినవాళ్ళకి ఆ కుదుపుకే వెన్నుపూస నలిగిపోగలదు.

దీనివల్ల ఏం పోతుందో చెప్తాను. వయసుతో ముందు సన్నబడేవి వేగంగా, గట్టిగా పనిచేసే కండపోగులు. మధ్యలో కొవ్వు చేరుతుంది కాబట్టి పిక్క బయటికి లావుగానే కనిపిస్తుంది, లోపల సత్తువ ఉండదు. ఈ పోగులు తేలిక పనికి కదలవు, బరువు పడితేనే లేస్తాయి. చెయ్యి ఆసరా ఇచ్చిన ప్రతిసారీ ఆ బరువు వాటిదాకా చేరదు. మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపడమూ అంతే, కీళ్ళు వదులవుతాయి, సత్తువ రాదు.

పరిష్కారం: "చేతులు వాడకు" అని గదమాయిస్తే పని జరగదు. పడిపోతామన్న భయం, మోకాలి నొప్పి వల్లే చెయ్యి వెళ్తుంది. ఎత్తు పెంచండి. కుర్చీ మీద బొంతలు గట్టిగా మడిచి, జారకుండా తాడుతో కట్టి, చేతులు లేకుండా 8 సార్లు లేవగలిగే ఎత్తుకి తెండి. మోకాలు తక్కువ వంగుతుంది కాబట్టి నొప్పీ తగ్గుతుంది. పాదాలు మోకాళ్ళకన్నా కాస్త వెనక్కి, ఛాతీ ముందుకి, లేచేటప్పుడు ఊపిరి వదలాలి. కూర్చోడానికి మూడు లెక్కపెట్టేంత సేపు పట్టాలి. రెండు చేతులతో ఖాళీ స్టీలు చెంబు పట్టించండి, ఇక ఆ చేతులు ఎక్కడికీ పోవు.

రెండు మూడు విడతలు, విడతకి 8 నుంచి 10 సార్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. వారానికి రెండు మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు. విడత అయ్యేసరికి ఇంకో రెండుసార్లు మాత్రమే చెయ్యగలను అనిపించాలి. ఇంకో పది చేస్తానంటే అది వ్యాయామం కాలేదు. వరసగా రెండు వ్యాయామం రోజుల్లో పదేసి తేలిగ్గా వస్తే ఒక మడత తియ్యండి. మడతలన్నీ అయిపోయాక కిలో బియ్యం సంచీ గుండెలకి హత్తుకుని లేవాలి, తర్వాత అరకిలో చొప్పున పెంచుతూ పోవాలి.

మొదటి మూడు నాలుగు వారాల్లో వచ్చే బలం నరాలు కండని బాగా పిలవడం వల్ల వస్తుంది, పిక్క చుట్టుకొలత మారదు. టేపు పక్కన పెట్టి, రెండు వారాలకోసారి ఆ ఐదుసార్ల సమయమే రాసుకోండి.

చేతులు సరిగ్గా ఉన్నా రాకపోతే తిండి. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం చారన్నం, రాత్రి గంజి తాగితే కండ కట్టడానికి సరుకు లేదు. 50 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, వంద గ్రాముల చేపలో సుమారు 20. మూడు పూటలకీ పంచండి, ముఖ్యంగా పొద్దున్న.

కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళల్లో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ పరీక్ష చూడకుండా ఇలా మాంసకృత్తులు పెంచడం మొదలుపెట్టవద్దు. అక్కడ సుగరూ బీపీ లేనివాళ్ళకీ కిడ్నీలు చప్పుడు లేకుండా దెబ్బతింటున్నాయి. ఇంకో చిక్కు ఉంది: కిడ్నీ పనితీరు తెలుసుకోడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ వచ్చేదే కండ నుంచి. కండ తగ్గిన మనిషి రిపోర్టులో ఆ అంకె ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్) పోతోందేమో కూడా చూపించి, డాక్టరు ఒప్పుకున్నాకే పెంచండి.

థైరాయిడ్, విటమిన్ డి లోపం, స్టెరాయిడ్ మాత్రలు, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వంటివి కూడా కారణం కావచ్చు. పైవన్నీ సరిచేసి రెండు నెలలైనా కదలిక లేకపోతే పరీక్షలు రాయించుకోండి. లేవగానే కళ్ళు తిరిగితే బీపీ మాత్రల మోతాదు అడగండి. ఒక పక్క కాలో చెయ్యో ఒక్కసారిగా బలం తప్పితే మాత్రం వ్యాయామం మాటే ఎత్తకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.