సీరమ్‌లో యాంటీ ఆక్సిడెంట్లు కొలవడం ఎలా: ఫ్రాప్ పద్ధతి

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో రక్తంలోని యాంటీ ఆక్సిడెంట్ల స్థాయి చూడాలంటే ఫ్రాప్‌తో (ఫెర్రిక్ రెడ్యూసింగ్ ఎబిలిటీ ఆఫ్ ప్లాస్మా) మొదలుపెట్టండి. 1996లో బెంజీ, స్ట్రెయిన్ ప్రచురించిన పద్ధతి ఇది, ఖర్చు తక్కువ. యాంటీ ఆక్సిడెంట్లు ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తాయి, అది టీపీటీజెడ్ అనే రసాయనంతో కలిసి నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉందో 593 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తాం.

అసలు తిప్పలన్నీ రక్తం తీసే దగ్గరే. ఊదా మూత ట్యూబు వద్దు, అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ ఇనుమును పట్టేసుకుంటుంది, రీడింగ్ తప్పుతుంది. నా మొదటి బ్యాచ్ 12 శాంపిళ్ళూ అలాగే పోయాయి, రక్తం ఇచ్చినవాళ్ళను మళ్ళీ సూదికి పిలవాల్సి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. ఎర్ర మూత ట్యూబులో సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) గానీ, ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ప్లాస్మా (హెపారిన్‌తో గడ్డకట్టకుండా ఆపిన రక్తంలోని ద్రవం) గానీ తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ చేశాక ట్యూబును వెలుతురులో పట్టి చూడండి: లేత పసుపు ఉంటే సరే, గులాబీ రంగు తిరిగితే ఎర్రకణాలు పగిలినట్టే, దాన్ని పక్కన పెట్టేయండి. విటమిన్ సి తొందరగా పాడవుతుంది కాబట్టి అదే రోజు చేయాలి, లేదంటే మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి.

రీయేజెంట్ ఏ రోజుది ఆ రోజే కలపాలి: పీహెచ్ 3.6 ఉన్న 300 మిల్లీమోలార్ ఎసిటేట్ బఫర్ 10 వంతులు, 40 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించిన 10 మిల్లీమోలార్ టీపీటీజెడ్ ఒక వంతు, 20 మిల్లీమోలార్ ఫెర్రిక్ క్లోరైడ్ ఒక వంతు. 37 డిగ్రీలకు వేడిచేసి 300 మైక్రోలీటర్లు తీసుకుని, 10 సీరమ్, 30 నీళ్ళు కలిపి సరిగ్గా 4 నిమిషాలకు రీడింగ్ తీయండి. ఆ 10 మైక్రోలీటర్ల దగ్గరే చెయ్యి తప్పుతుంది, టిప్పు బయట అంటిన చుక్కను టిష్యూతో తుడిచాకే వదలండి. స్టాండర్డుకి ఫెర్రస్ సల్ఫేట్, 100 నుంచి 1000 మైక్రోమోలార్ దాకా, అదీ అప్పటికప్పుడు కలిపిందే.

ఆరోగ్యవంతుల ప్లాస్మాలో బెంజీ, స్ట్రెయిన్‌లకు లీటరుకు 612 నుంచి 1634 మైక్రోమోళ్ళ మధ్య వచ్చింది. అయితే ఇందులో పెద్ద వాటా యూరిక్ ఆమ్లానిదే. కిడ్నీ సరిగ్గా పనిచేయని మనిషికి, గౌట్ (యూరిక్ ఆమ్లం పెరిగి వచ్చే కీళ్ళ జబ్బు) ఉన్న మనిషికి ఫ్రాప్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి ఆరోగ్యం బాగుందని రాసేయకండి, అదే సీరమ్‌లో యూరిక్ ఆమ్లం కూడా కొలిచి రెండూ పక్కపక్కన ఇవ్వండి. కణాల్లో ఉండే గ్లూటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఈ పరీక్షకు దాదాపు చిక్కదు. అది కావాలంటే మొత్తం రక్తంలో ఎల్‌మన్ రీయేజెంట్‌తో (డీటీఎన్‌బీ) 412 నానోమీటర్ల దగ్గర విడిగా చూడాలి, దానికి మాత్రం ఊదా మూత ట్యూబు పనికొస్తుంది.