జూన్ 12 లోపు ఫోన్ సంగతి తేల్చుకోండి

జూన్ 12న బడులు తెరిచే ముందు పుస్తకాలు, బూట్లు, బస్ పాస్ అన్నీ చూసుకుంటాం గానీ ఫోన్ సంగతి మాత్రం సార్ పిలిపించి మాట్లాడితే తప్ప గుర్తుకు రాదు. నల్గొండలో మా ఇంట్లో అదే జరిగింది. బస్ దొరక్కపోతే చేయమని నేనే ఇచ్చిన పాత టచ్ ఫోన్, మావాడు టిఫిన్ సంచిలో కర్చీఫులో చుట్టి పెట్టుకుపోయాడు, లెక్కల పీరియడ్‌లో అది మోగింది. చేసింది ఎవరనుకున్నారు? నేనే, తిన్నవా లేదా అని అడుగుదామని.

కాబట్టి మొదటి జాగ్రత్త మనకే. బడి టైంలో పిల్లల ఫోన్‌కు చేయొద్దు, అర్జెంటైతే ఆఫీసు నంబర్‌కు చేయండి, ఆ నంబర్ ఇప్పుడే తీసుకోండి.

నన్నడిగితే క్లాసులోకి స్మార్ట్‌ఫోన్ వద్దే వద్దు. 2020లో కరోనాకు టీ-శాట్‌లో, యాదగిరి చానల్‌లో పాఠాలు చెప్పినప్పుడు అప్పుచేసి మరీ ఫోన్లు కొన్నాం, కానీ అప్పుడు టీచర్ ఎదురుగా లేడు, ఇప్పుడు ఉన్నాడు కదా. ఫ్రాన్స్‌లో 2018లోనే బళ్లలో ఫోన్లు వద్దని చట్టం చేశారు, 2023లో యునెస్కో కూడా చదువుకు పనికొస్తేనే ఫోన్ అని చెప్పింది. అక్కడివాళ్లకు లేని తిప్పలు మనకున్నాయి, అది కూడా నిజమే.

ఆ తిప్పల పేరు బస్. దేవరకొండ వైపో మునుగోడు వైపో లోపలి ఊళ్లకు సాయంత్రం ఒక్క పల్లెవెలుగు తప్పిపోతే పిల్లలు స్టాండులో చీకటి పడేదాకా నిలబడాలి, ఇంట్లో మనకు టెన్షన్. దీనికి బటన్ ఫోన్ చాలు. రెండు రోజులైనా చార్జింగ్ ఉంటుంది, పోయినా పెద్ద నష్టం లేదు, రీల్స్ రావు. పొద్దున స్విచాఫ్ చేసి ఎక్కడ ఇవ్వాలో, ఎవరు తిరిగి ఇస్తారో బడిలో ముందే కనుక్కోండి. ఇంకోటి, ఆడపిల్లలు ఫ్రీ బస్సుకు ఆధార్ ఫోన్‌లో ఉంది కదా అనుకుంటారు, కండక్టర్ ఒప్పుకోకపోతే గొడవ, కార్డే బ్యాగులో పెట్టండి. మన నంబర్లు రెండు నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టండి, ఈ కాలం పిల్లలకు అమ్మ నంబర్ కూడా నోటికి రాదు.

స్మార్ట్‌ఫోన్ ఇవ్వక తప్పదంటారా, అయితే బ్యాంకుకు లింకైన సిమ్ అందులో వేయకండి. ఓటీపీలు వచ్చేది దానికే. ఫోన్‌పే లాంటివి తీసేయండి, గేమ్‌లో కాయిన్స్ కొనడానికి పిల్లలకు పిన్ చెప్పకండి. డబ్బు పోతే సిగ్గుపడి ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. స్టార్ హాష్ 06 హాష్ కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది, రాసిపెట్టుకోండి, ఫోన్ పోయినప్పుడు బ్లాక్ చేయించడానికి అదే కావాలి.

వీటన్నిటికంటే నాకు భయం ఫోటోలంటే. మావాడి క్లాసులోనే ఒక అమ్మాయి ఆవులిస్తుంటే ఎవడో తీసిన ఫోటో మధ్యాహ్నానికల్లా వాట్సాప్ స్టిక్కరైంది, తీసినవాడికి అది నవ్వులాట, ఆ పిల్ల మాత్రం నాలుగు రోజులు బడికి రాలేదు. ఎవరి ఫోటో అయినా అడగకుండా తీయొద్దని, వస్తే ముందుకు పంపొద్దని ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. మన పిల్లకే అలా జరిగితే ముందు తిట్టకండి, స్క్రీన్‌షాట్ తీసుకుని బడిలో చెప్పండి, విషయం పెద్దదైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

సార్ ఫోన్ తీసుకుంటే పోయి గొడవ పెట్టుకోకండి. నేను పెట్టుకున్నా, మావాడి ముందే, తర్వాత వాడు నా మాట కూడా వినడం మానేశాడు.

పదో తరగతి వాళ్లకైతే పరీక్షల రోజుల్లో ఇంకా గట్టిగా ఉండాలి. 2025 మార్చిలో నకిరేకల్‌లో తెలుగు ప్రశ్నపత్రం ఫోటో బయటికి వచ్చిన సంగతి తెలుసు కదా, ఫోన్ పట్టుకున్నది బయటివాళ్లు, డిబార్ చేసింది మాత్రం లోపల రాస్తున్న అమ్మాయిని. సెంటర్ దగ్గర ఫోన్ దాచే చోటు ఉంటుందని నమ్ముకోకండి. దింపడానికి వచ్చినవాళ్లే తీసుకుని, గేటు దగ్గర జేబులు, ప్యాడ్ సంచి ఒకసారి తడిమి లోపలికి పంపండి.