రిటైర్మెంట్ లెక్కలు, 4వ పాఠం: 15హెచ్ ఇస్తే పన్ను పోయినట్టేనా?

పోయిన పాఠంల కమ్యుటేషన్ (పెన్షన్‌ల కొంత భాగం ముందే ఒక్కసారి తీసుకునుడు) సంగతి చూసినం. గ్రాచ్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ (నౌకరిల జీతంల నుంచి దాచిన పీఎఫ్), మిగిలిన లీవుల పైసలు, ఇవన్నీ గవర్నమెంటోళ్లకు పన్ను లేకుంటనే చేతికొస్తయి. మనోళ్లు ఇక్కడనే పొరపాటు పడుతరు, ఆ పైసలకు పన్ను లేదు గని రేపటి నుంచి వాటి మీద వచ్చే వడ్డీకి ఉన్నది.

ముందు నా సంగతే చెప్త. నేను రిటైరైన కొత్తల నల్లగొండల రెండు బ్యాంకులల్ల, ఒక పోస్టాఫీసుల డిపాజిట్లు వేసిన. కౌంటర్ల పిల్లగాడు "సార్, 15హెచ్ ఫారం మీద సంతకం పెట్టుండ్రి, కటింగు ఉండది" అన్నడు, మూడు చోట్ల మూడు సంతకాలు పెట్టి ఇంటికొచ్చి హాయిగ పండుకున్న. ఏడాదిన్నరకు నోటీసొచ్చింది. ఒక బ్యాంకుకు ఇంకో బ్యాంకుల ఉన్నది తెల్వది, కని మూడింటికి ఇచ్చిన పాన్ నంబర్ ఒక్కటే కదా, అన్నీ ఏఐఎస్‌ల (మన పాన్ మీద వచ్చిన ఆదాయం అంతా ఇన్‌కమ్ ట్యాక్సోళ్లు చూపించే చిట్టా) లైనుగ కనబడ్డయి. 31 వేలు కట్టిన, అండ్ల లేటుగ కట్టినందుకు వేసిన వడ్డీ కూడా ఉన్నది మల్ల.

15హెచ్ అంటే "నా మొత్తం ఆదాయం లెక్క కడితే పన్ను సున్నా వస్తది" అని మనం రాసిచ్చే మాట, అంతే. అది టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే బ్యాంకు పన్ను కింద పట్టుకునే కటింగు) ఆపుతది, పన్నును కాదు. సీనియర్ సిటిజన్లకు ఒక్క బ్యాంకుల వడ్డీ ఏడాదికి 1 లక్ష దాటితేనే టీడీఎస్ పడతది (2025 ఏప్రిల్ నుంచి), దాటకపోతే పన్ను లేదని కాదు.

ఇగ లెక్కకొద్దాం, నోట్‌బుక్ తీయుండ్రి. దేవరకొండ దిక్కు ఒక సారు 61 ఏండ్లకు రిటైరైండు అనుకుందాం. పెన్షన్ నెలకు 62,000, ఏడాదికి 7,44,000. సీనియర్ సిటిజన్ స్కీమ్‌ల 30 లక్షలు పెట్టిండు (అంతకు మించి పెట్టనియ్యరు), 8.2 శాతం అంటే ఏడాదికి 2,46,000, మూణ్నెళ్లకోసారి 61,500 ఖాతాల పడతది. పోస్టాఫీసు మంత్లీ స్కీమ్‌ల 9 లక్షలకు 7.4 శాతం, 66,600. బ్యాంకు ఎఫ్‌డీ ఇంకో 30 లక్షలు, 7 శాతం అనుకుంటే 2,10,000.

మొత్తం 12,66,600. పెన్షన్ మీద స్టాండర్డ్ డిడక్షన్ (రసీదులు అడగకుంటనే ఆదాయంల నుంచి తీసేసేది) 75,000 పోతే 11,91,600. కొత్త పన్ను పద్ధతిల 12 లక్షల దాంక రిబేటు (పన్ను మాఫీ) ఉన్నది కాబట్టి పన్ను సున్నా. ఇట్లున్నప్పుడు 15హెచ్ ఇచ్చినా తప్పులేదు. కని గీతకు ఎంత దూరంల ఉన్నడో చూసిండ్రా? 8,400.

గిప్పుడు మార్చిల పెండింగ్ డీఆర్ (పెన్షనర్లకు ఇచ్చే కరువు భత్యం) బకాయిలు 30,000 పడ్డయనుకోండి (పడితే సంతోషమే, ఎన్నేండ్ల నుంచి చూస్తున్నం). ఆదాయం 12,21,600 అయింది. మార్జినల్ రిలీఫ్ (గీత కొంచెమే దాటినోళ్లకు పన్ను తగ్గించే వెసులుబాటు) ఉన్నా 12 లక్షల మీద ఎంత దాటిందో అంత పన్ను కట్టాలె, అంటే 21,600, దాని మీద 4 శాతం సెస్సు 864, మొత్తం 22,464. వచ్చిన 30 వేలల్ల మిగిలింది 7,536. పాత ఏండ్ల బకాయి అయితే రిటర్న్ వేసేముందు 10ఈ ఫారం వేసి రిలీఫ్ అడగొచ్చు, కని ఎంత తగ్గుతదో ఆ పాత ఏడాది ఆదాయం మీద ఉంటది.

"అయితే ఎఫ్‌డీ మా ఇంటామె పేరు మీద వేస్త" అంటరు. నేను కూడా అన్న. ఉత్తగ భార్యకిచ్చిన పైసల మీద వచ్చే వడ్డీ భర్త లెక్కలనే కలుపుతరు. ఆమె సొంత సంపాదన, పుట్టింటోళ్లు ఇచ్చిన భూమి అమ్మిన పైసలు అయితే వేరే లెక్క. ఇంకొకటి, ఆ వడ్డీ తీసి మల్ల ఆమె పేరు మీదనే వేస్తే, దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆమెదే, అందుకే ఆ ఖాతా వేరుగ పెట్టుండ్రి, కలపకుండ్రి.

హోంవర్క్: ఈ వారం మీ పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ రసీదులు అన్నీ ముందటేసుకొని పోయిన ఏప్రిల్ నుంచి మార్చి దాంక పడ్డ వడ్డీ ఒక్క పేజీల రాయుండ్రి, పక్కన ఏఐఎస్ డౌన్‌లోడ్ చేసి టిక్కులు పెట్టుండ్రి. తేడా వచ్చిన లైను కింద ఎర్ర పెన్నుతోని గీయుండ్రి, ఐదో పాఠం ఆ ఎర్ర గీతల నుంచే మొదలువెడదాం.